హోటల్లో ఒంటరి భోజనం – సిగ్గెందుకు?

“ఎంతమందండీ?”

హోటల్లో అడుగుపెట్టగానే సర్వరు అడిగే మొదటి ప్రశ్న ఇది. “నలుగురం” అని చెప్పేవారి గొంతులో ఉండే నిబ్బరం “ఒక్కణ్ణే” అని చెప్పేవారి గొంతులో ఉండదు. ఇక “ఒక్కదాన్నే” అని చెప్పవలసిన స్త్రీలలో చాలామంది ఆ గుమ్మం దాకా కూడా రారు.

ఆరోగ్య శీర్షికలో ఈ హోటల్ గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చు. డాక్టరన్నవాడు హోటల్ తిండి మానమని చెప్పాలి గాని వెళ్ళి తినమని చెప్తాడా అనీ అనుకోవచ్చు. కాని ఈ సిగ్గు వల్ల జబ్బు పడి మా ఆసుపత్రికి వస్తున్నవాళ్ళున్నారు. అందుకే ఈ వారం ఈ సంగతి.

కొంతకాలం క్రితం ఒక ఉద్యోగిని కేసు చూశాను. వయస్సు నలభై అయిదు దాటింది. కొన్నేళ్ళుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. పట్నంలో మీటింగు. తెల్లవారుజామునే బస్సెక్కాలి గనుక టిఫిన్ తినకుండా, మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకుని బయలుదేరారు. మీటింగు మధ్యాహ్నం రెండింటి దాకా సాగింది. బస్టాండు ఎదురుగా వరసగా నాలుగు హోటళ్ళున్నాయి. తోడు ఎవరూ లేరు. “ఇంటికెళ్ళి తిందాంలే” అనుకున్నారు. బస్సు కోసం నిలబడి ఉండగానే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది, కూలిపోయారు. ఎండదెబ్బ అనుకుని ఎవరో మొహాన నీళ్ళు చల్లారు. ఆటోలో క్యాజువాలిటీకి తెచ్చేసరికి స్పృహ లేదు. రక్తంలో చక్కెర చూస్తే 34 మిల్లీగ్రాములు. అది 70కి తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. సిరలోకి గ్లూకోజు ఎక్కించాక కాసేపటికి కళ్ళు తెరిచి, “నా బ్యాగు ఏదీ?” అని అడిగారు.

“అంత ఆకలి వేస్తుంటే ఏదో ఒకటి తినవలసింది కదమ్మా” అన్నాను.

“ఒక్కదాన్నే ఎలా కూర్చోనండీ డాక్టరుగారూ? అందరూ చూస్తారు” అన్నారావిడ.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అన్నారు పెద్దలు. మనవాళ్ళ ఆకలికి మాత్రం బోలెడంత సిగ్గు!

మధుమేహం మాత్రలన్నీ ఒకలాంటివి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రలు మాత్రం క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారో లేదో వాటికి తెలియదు. తినకపోతే ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ ఊడ్చేస్తుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవారి సంగతీ అంతే. పైగా ఆ మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది. ఒకసారి లేచి కూర్చున్న మనిషి మళ్ళీ పడిపోవచ్చు. అందుకే ఆవిణ్ణి ఆ రాత్రి వార్డులోనే ఉంచాము. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ, వృద్ధులకూ ఈ భయం ఇంకా ఎక్కువ.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐ.సి.ఎం.ఆర్. వారి పెద్ద సర్వే తేల్చింది. వీరిలో బస్సులెక్కేవారు, రైళ్ళెక్కేవారు, క్యాంపులకు వెళ్ళేవారు ఎంతమందో ఊహించండి. వీరందరికీ ఒంటరిగా హోటల్లో కూర్చుని తినగల ధైర్యం కూడా ఒక మందే.

వీరికి ఒక జాగ్రత్త చెప్తాను. గుర్తుంచుకోండి. బయట తినేటప్పుడు మాత్రగాని ఇన్సులిన్‌గాని హోటల్‌కు బయలుదేరేముందు తీసుకోకండి. ప్లేటు మీ ముందుకు వచ్చాక తీసుకోండి. సర్వరు “అయిదు నిమిషాలండీ” అంటే అది ఇరవై నిమిషాలని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మధ్యలో చెమటలు, వణుకు, కళ్ళు బైర్లు కమ్మడం మొదలైతే టిఫిన్ కోసం ఎదురుచూడవద్దు. మూడు టీస్పూన్ల పంచదార అడిగి నోట్లో వేసుకోండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ మూడు. ఆ తరువాతే ఇడ్లీ.

ఇక, “అందరూ చూస్తారు” అన్న మాట. నిజంగా ఎవరు చూస్తారండీ? ఒక మధ్యాహ్నం రద్దీగా ఉన్న హోటల్లో కూర్చుని గమనించండి. ఒకాయన సాంబారులో ములక్కాడ వెతుక్కుంటూ ఉంటాడు. ఒకావిడ పిల్లవాడి నోట్లో ముద్ద పెట్టడానికి నానా తంటాలు పడుతూ ఉంటుంది. గల్లా పెట్టె దగ్గర మనిషి చిల్లర లెక్కల్లో మునిగి ఉంటాడు. మీ వంక చూసే తీరిక ఎవరికీ లేదు.

ఈ సిగ్గుకు మూలం వేరే ఉంది. ఒకప్పుడు మనకు బయట తినడమంటే ఇల్లూ వాకిలీ లేనివాడి గతి. వినుకొండ వల్లభరాయుడి ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటింటి భోజనం ఉంది. ఒక్క రూకకు ఎంత భోజనం పెట్టేవారో ఆయన నోరూరేలా వర్ణించాడు. గురజాడ వారి ‘కన్యాశుల్కం’ నాటికి పూటకూళ్ళమ్మ అంటే జనానికి ఎంత చులకనో మీకు తెలుసు. తరువాత కాఫీ హోటళ్ళు వచ్చాయి. వాటిలో ఆడవాళ్ళ కోసం ఓ మూల పరదా కట్టి ‘ఫ్యామిలీ రూము’ అని బోర్డు పెట్టేవారు. ఫ్యామిలీ లేకుండా వచ్చిన స్త్రీ ఎక్కడ కూర్చోవాలో ఆ బోర్డు రాయించినవారు ఆలోచించలేదు. ఆ పరదాలు చాలాచోట్ల పోయాయి. మన మనసులో వేలాడుతున్న పరదాయే ఇంకా పోలేదు.

హైదరాబాదు ఇరానీ కేఫుల్లో మాత్రం ఈ బాధ ఎప్పుడూ లేదు. చలవరాతి పలక వేసిన బల్ల ముందు ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని గంటసేపు ఒంటరిగా కూర్చునే పెద్దమనుషులను అక్కడ ఎవరూ వింతగా చూడరు. కూర్చునేది మగవాళ్ళేననుకోండి, అది వేరే విషయం.

పొట్ట మాట ఎవరు వింటారు?

ఒంటరిగా తినడంలో ఉన్న సుఖం ఒక్క మనసుకే కాదు, పొట్టకు కూడా. అదెలాగో చెప్తాను.

జీర్ణక్రియ పొట్టలో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, ముక్కుతో, కంటితో మొదలవుతుంది. రష్యన్ శాస్త్రజ్ఞుడు పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనలకే. అన్నం కనబడగానే, వాసన తగలగానే లాలాజలమూ, జఠరరసమూ ఊరడం మొదలవుతుందని ఆయన కుక్కల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. మనుషులమూ అంతే. పెనం మీద నెయ్యి పడిన చప్పుడు, అల్లం పచ్చిమిర్చి వేసిన పెసరట్టు వాసన, దవరాలో తిరగబోస్తున్న కాఫీ నురగ – వీటిని శ్రద్ధగా ఆస్వాదించేవాడి జఠరం ముద్ద దిగేలోపలే సిద్ధంగా ఉంటుంది. నలుగురితో వెళ్ళినప్పుడు మనం ఇవేవీ గమనించం. స్థలాల ధరలు, అల్లుడి ఉద్యోగం మాట్లాడుకుంటూ ఉండగా ప్లేటు ఖాళీ అవుతుంది. ఏం తిన్నామని అడిగితే తడుముకుంటాము.

రెండో సంగతి, పొట్ట నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి సుమారు పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. నెమ్మదిగా తినేవాడికి ఆ కబురు సమయానికి అందుతుంది. గబగబా తినేవాడికి రెండో మసాలా దోసె కూడా అయిపోయాక అందుతుంది.

మూడోది మొహమాటం. అమెరికాలో జాన్ డి కాస్ట్రో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980ల చివర కొందరిచేత వారం రోజులపాటు తిన్న ప్రతిదీ డైరీలో రాయించి చూశాడు. ఒంటరిగా తిన్న భోజనం కన్నా తోడుతో తిన్న భోజనం సగటున 44 శాతం ఎక్కువగా ఉన్నదట. మన పెళ్ళిపంక్తులు చూసినవారికి ఈ పరిశోధన అవసరం లేదు. “మీరు మరీ మొహమాటపడుతున్నారండీ” అంటూ అరిసెలు వేసి, “మా మీద గౌరవం లేదా?” అంటూ నెయ్యి కుమ్మరిస్తారు. కాదన్నవాడు గర్విష్ఠి, ఔనన్నవాడు మా ఔట్ పేషెంటు. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ లాంటి చోట కొసరి కొసరి వడ్డించడమే ప్రఖ్యాతి. అక్కడ కూడా ఒంటరిగా వెళ్ళినవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి “చాలు” అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇంకో సౌకర్యం ఉంది. నాకు ఇది మరీ ఇష్టం. మన భోజనానికి ఒక వరస ఉంది – పప్పన్నం, కూర, పులుసు, పెరుగు. ఇంట్లోగాని, బంధువుల మధ్యగాని ఆ వరస తప్పితే “అదేం తిండి?” అంటారు. కాని కూర, పప్పు ముందు తిని, అన్నం తరువాత తింటే భోజనం తరువాత రక్తంలో చక్కెర అంత ఎత్తుకు ఎగబాకదని ఈ పదీ పదిహేనేళ్ళలో జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. హోటల్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు వంకాయ కూరను ఉత్తిదే తినండి, పప్పును గిన్నెతో తాగండి, అన్నం సంగతి ఆ తరువాత చూడండి. అడిగేవాడు లేడు. ఉద్యోగరీత్యా ఎన్నో ఊళ్ళ మెస్సుల్లో తిన్నవాణ్ణి. నా భోజనానికి ఈ అలవాటు అక్కడే పట్టింది.

వేడి దోసె

ఒక గృహిణి సంగతి చెప్పాలి. యాభై ఏళ్ళావిడ, రక్తహీనతతో వచ్చారు. హిమోగ్లోబిన్ 8 గ్రాములు. ఏం తింటారని అడిగితే, “అందరూ తిన్నాక తింటానండీ” అన్నారు. అంటే ఏమిటి? కూర అడుగున మిగిలినది, పప్పు కాస్త, చారూ మజ్జిగా కావలసినంత. ముప్పై ఏళ్ళుగా అదే భోజనం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ఆఖరున తినడం వాటిలో ఒకటి.

ఐరన్ మాత్రలు రాశాను, నులిపురుగుల మందు ఇచ్చాను. నెల తరువాత మళ్ళీ వచ్చినప్పుడు కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు – క్రిందటిసారి ఆసుపత్రి నుంచి వెళ్తూ, బస్సుకు గంట టైముందని హోటల్‌కు వెళ్ళారట. దోసె తెప్పించుకున్నారట. “పెళ్ళయిన తరువాత పెనం మీది దోసె వేడివేడిగా నా ముందుకు రావడం అదే మొదటిసారండీ. వేస్తుండేదాన్ని, తినేవాళ్ళు వాళ్ళు. నా వంతు వచ్చేసరికి పిండీ ఉండదు, ఓపికా ఉండదు” అన్నారు.

ఆ దోసెతో హిమోగ్లోబిన్ పెరగదు, నిజమే. కాని ఆ తరువాత ఆవిడ ఇంట్లో కూడా అందరితోపాటే కూర్చుని తింటున్నారు. మాత్రలు మానకుండా వేసుకుంటున్నారు. మూడు నెలలకు 10.5కు వచ్చింది. మాత్రలకు ఎంత వాటా, దోసెకు ఎంత వాటా అని నన్ను అడగకండి. అన్నట్టు, రక్తహీనత ఉన్నవారు టిఫిన్ కాగానే కాఫీ, టీ తాగకూడదు. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. గంట ఆగండి. హోటల్ టిఫిన్ తరువాత కాఫీ తాగకుండా లేవడం ఎంత కష్టమో నాకు తెలియక కాదు.

పోయినావిడ కోసం పస్తులా?

మరొకరు ఒక రిటైర్డు మేష్టారు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. క్షయ అనుకున్నాము, కాన్సరనుకున్నాము. కఫం, ఎక్స్‌రే, స్కానింగు, ఎండోస్కోపీ, థైరాయిడు అన్నీ చేయించాము. ఏమీ లేదు. తీరా నిదానంగా అడిగితే భార్య పోయి ఏడు నెలలయిందట. వంట రాదు. పిల్లలు దూరదేశంలో. పొద్దున బన్ను, మధ్యాహ్నం నాలుగు బిస్కెట్లు, రాత్రి పాలు. ఇంటికి రెండు వీధుల అవతలే మెస్సుంది.

“మెస్సుకు వెళ్ళరాదూ మేష్టారూ?”

“భార్య పోయి ఏడాది తిరక్కుండానే హోటళ్ళ వెంట తిరుగుతున్నాడనుకోరూ?”

ఓ.పి. చీటీ మీద మందుల పేర్లు రాసేచోట ‘రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకు మెస్సులో భోజనం – ఒక నెల’ అని రాసి, స్టాంపు వేసి, సంతకం పెట్టి ఇచ్చాను. మేష్టారు గదా, చీటీ మీద రాసినదానికి విలువ ఇస్తారని నా నమ్మకం. ఎవరైనా అడిగితే డాక్టరు రాశాడని చూపించమన్నాను. ఎవరూ అడగలేదట. వారం దాటేసరికి వడ్డించే కుర్రాడు ఆయన పళ్ళ కథ తెలుసుకుని, మెత్తటి అన్నం చూసి వడ్డించడం మొదలుపెట్టాడట. రెండు రోజులు జ్వరం వచ్చి వెళ్ళకపోతే ఆ కుర్రాడే ఇంటి తలుపు తట్టాడట. మూడు నెలల్లో అయిదు కిలోలు పెరిగారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. జపాన్‌లో వృద్ధుల మీద జరిగిన అధ్యయనాల్లో రోజూ ఇంట్లో ఒంటరిగా తినేవారిలో, ముఖ్యంగా ఒంటరిగా జీవించే పురుషుల్లో, దిగులు జబ్బు ఎక్కువగా కనిపించింది. కాబట్టి తోడు దొరికినా వద్దని ఒంటరిగా తినమని నేను చెప్పడం లేదు. ఇంట్లో నలుగురూ కలిసి తినే పూట ఉంటే దాన్ని పోగొట్టుకోకండి. తోడు లేని పూట పస్తుండడం కన్నా, గోడవంక చూస్తూ బిస్కెట్లు నమలడం కన్నా, పదిమంది మధ్య కూర్చుని మీ పాటికి మీరు తినడం మేలు. అక్కడ మీతో ఎవరూ మాట్లాడకపోవచ్చు. అయినా మనుషుల అలికిడి ఉంటుంది. బల్లకు అవతల కూర్చున్న అపరిచితుడు నెయ్యి గిన్నె మీవైపు జరుపుతాడు. నలుగురి మధ్య ఉన్నందుకు ఇంకో లాభం – ముద్ద గొంతుకు అడ్డంపడితే వీపు తట్టడానికి ఓ మనిషి ఉంటాడు.

అయితే సెల్‌ఫోను చూస్తూ తినేవారు ఈ సుఖం లెక్కలోకి రారు. బల్ల మీద ఫోను నిలబెట్టుకుని సినిమా చూస్తూ తింటే ఆ పూట ఎక్కువ తింటారు. తిన్నది మనసుకెక్కదు గనుక మళ్ళీ సాయంత్రం కూడా ఎక్కువ తింటారు. దిన పత్రికయినా, చివరకు ఈ వారపత్రికయినా సరే, సర్వరు ప్లేటు తెచ్చేదాకానే.

ఇక హోటల్ ఎంపిక. జనం తిరిగే హోటల్‌కు వెళ్ళండి. అక్కడ పదార్థం నిలవ ఉండదు. కాని ఒంటిగంటకు కాక పన్నెండింటికే వెళ్ళండి. మీ వెనక నిలబడి మీరెప్పుడు లేస్తారా అని చూసేవాళ్ళుండరు. మొదటిసారి వెళ్ళేవారు భోజనంతో కాక టిఫిన్‌తో మొదలుపెట్టండి. పావుగంటలో అయిపోతుంది. ధైర్యం చిక్కుతుంది. పొగలు కక్కే పదార్థాలు అడగండి. ఎప్పుడో రుబ్బిన కొబ్బరి చట్నీ, ముందే తరిగిపెట్టిన ఉల్లిపాయ ముక్కల జోలికి పోకండి. నూనె నల్లగా మరుగుతున్న చోట పూరీ, గారె వద్దు. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా మేలు. బి.పి. ఉన్నవారు ఊరగాయ, అప్పడం, ఉప్పు వేసిన మజ్జిగ – మూడింటిలో రెండు వదిలెయ్యాలి. రోజుకు మొత్తం అయిదు గ్రాముల ఉప్పు, అంటే ఒక టీస్పూను, దాటకూడదు. హోటల్ భోజనం ఒక్కటే అందులో చాలాభాగం మింగేస్తుంది. అన్నం ఎంతైనా వడ్డించే ఫుల్ మీల్స్ కన్నా ప్లేటు మీల్స్ తెప్పించుకోండి. డబ్బుకు ఇబ్బందిపడేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు అయిదు రూపాయలే. అక్కడ దాదాపు అందరూ ఒంటరిగా వచ్చినవారే. ఎవరి ప్లేటు వారిది.

“ఇంత అవస్థ ఎందుకండీ, పార్శిల్ కట్టించుకుంటే సరిపోదా?” అని నన్ను చాలామంది అడుగుతారు. సరిపోదు. మరిగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ సంచీలో పోసి రబ్బరు బ్యాండు వేస్తారు. ఆ వేడికి ప్లాస్టిక్‌లోని రసాయనాలు సాంబారులోకి దిగుతాయి. దోసె ఇంటికి చేరేసరికి తోలులా సాగుతుంది. అట్టు ఆకులో చెమట పట్టి ముద్దవుతుంది. తప్పనిసరి అయితే ఇంటి నుంచి స్టీలు క్యారేజీ తీసుకెళ్ళండి. లేకపోతే లోపలికి వెళ్ళి, ఫ్యాను కింద ఖాళీ కుర్చీ చూసి కూర్చుని, సర్వరు వచ్చి ఎంతమందని అడిగితే ఒక్కరేనని చెప్పి, వేడిగా ఏముందో కనుక్కోండి.